జాజు బొట్టు పైకి పెట్టిన అల్మారా

నేను అయిదో తరగతి వరకే చదివాను. ఇన్నేళ్లలో నేను రాసినవి సంతకాలు, సరుకుల చీటీలు, అంతే. కూర్చుని ఇంత రాయడం ఇదే మొదటిసారి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక రెండు కాగితాలు చించేశాను. అందుకే నేరుగా మా ఆయన చేతి దగ్గర మొదలుపెడతాను.

మా ఆయన వడ్రంగి. మేడ్చల్‌లో రైలు పట్టాలకు ఇవతల మా ఇల్లు. ఇంటి వెనక రేకుల షెడ్డు ఉంది, అదే ఆయన పనిచేసే చోటు. తొంభైల్లో చుట్టుపక్కల ఎక్కడ చూసినా కొత్త ఇళ్లు లేస్తుండేవి. దర్వాజాలు కావాలని, కిటికీలు కావాలని జనం వస్తూనే ఉండేవారు. అలాంటి రోజుల్లో ఒకసారి కట్టె కోసే మిషను దగ్గర ఆయన కుడిచేయి జారింది. చూపుడువేలు సగానికి పోయింది. బొటనవేలికి కుట్లు పడ్డాయి.

పుండు నెలన్నరలో మానింది. దవాఖానలో డాక్టరు, "ఇగ చెయ్యి ఆడించాలె, పని చేస్కోవాలె. లేకుంటే బిగుసుకపోతది" అని చెప్పాడు. ఆయన మాత్రం ఆ చేతిని తువ్వాలలో చుట్టుకుని, గోడ వైపు తిరిగి మంచంలో పడుకునేవాడు. ఎవరైనా పని చెప్పడానికి వస్తే మా అత్తతో "లేడని చెప్పు" అనేవాడు. మా అత్తకు ఆయన ఒక్కడే కొడుకు. లోపల ఉన్న కొడుకును లేడని చెప్పడం ఆమెకు నోరు రాకపోయేది. అయినా చెప్పేది. మూడు నెలలు అట్లాగే గడిచాయి.

ఆ రోజుల్లో నేను శామీర్‌పేట దగ్గర, అలియాబాద్‌లో ఒక పటేల్ కూరగాయల తోటకు కూలికి పోయేదాన్ని. పొద్దున్నే ట్రాక్టరు వచ్చి మా గల్లీ ఆడవాళ్లను ఎక్కించుకుని పోయేది. సాయంత్రం వచ్చేటప్పుడు అమ్మకానికి పనికిరాని వంకర వంకాయలు, పగుళ్లు పడిన టమాటాలు కొంగులో కట్టుకుని తెచ్చుకునేదాన్ని. పటేలమ్మ ఏమీ అనేది కాదు. మా పొయ్యి మీద ఉడికేవి అవే. అయితే సంచిలో పెడితే కుళ్లేవి, బుట్టలో పెడితే ఎలుకలు తినేవి. తినడం కూడా సరిగ్గా తినేవి కావు. ఒక పొద్దున చూస్తే ఉన్న ప్రతి టమాటానూ ఒక్కొక్క కొరుకు కొరికి వదిలేశాయి. ఏదో ఒకటి పూర్తిగా తిని మిగతావి మాకు వదిలిపెట్టొచ్చు కదా అని నాకు ఏడుపొచ్చింది.

చేయి తెగకముందు ఆయన నాకు కూరగాయల అల్మారా చేసిస్తానన్నాడు. ఇనుప తీగల జాలీ తలుపులు, లోపల మూడు అరలు. కింది అరకు సందులు వదిలిన పట్టీలు, ఉల్లిగడ్డలకు గాలి తగలడానికి. మధ్య అర టమాటాలకు, వంకాయలకు. పై అరలో తడిగుడ్డ కప్పి ఆకుకూరలు పెట్టుకోవాలి. దాని కాళ్ల కోసం నాలుగు వేపకట్టెలు కోసి, రందా పట్టి నున్నగా చేసి, షెడ్డులో ఒక మూలన పడుకోబెట్టాడు. అవి అట్లాగే దుమ్ము పట్టి ఉన్నాయి.

ఒక బుధవారం సాయంత్రం నేను పని నుంచి వచ్చేసరికి ఆయన మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు.

"ఆదివారం కుత్బుల్లాపూర్ కెల్లి ఒకాయన వస్తడు. సామాను మొత్తం తీస్కపోతడు" అన్నాడు.

"ఏం సామాను?"

"షెడ్డుల ఉన్న సామాను. ఉలులు, రంపాలు, రందా, అన్ని."

"మరి నువ్వేం జేస్తవ్?"

"గండిమైసమ్మ కాడ ఒక ఫ్యాక్టరీల గేటు కాడ కూసునే పనున్నదట. వస్తనని చెప్పిన."

మా అత్త చేతిలో గిన్నె పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. ఆ ఉలులలో రెండు మా మామ వాడినవి.

గేటు దగ్గర కూర్చునే పని చిన్నదని నేను అనుకోలేదు. మా గల్లీలో ముగ్గురు ఆ పని చేసే ఇల్లు నడుపుతున్నారు. నా భయం వేరు. కట్టె తప్ప ఇంకో సంగతి మాట్లాడని మనిషి ఆయన. ఆ సామాను ఇంట్లో ఉన్నంత వరకు, ఎప్పుడో ఒకరోజు లేచి షెడ్డులోకి పోతాడని నాకు ఆశ ఉండేది. అది పోతే ఇక మంచంలో గోడ వైపే తిరిగి ఉండిపోతాడు.

"అట్లయితే ఆదివారం లోపల నా అల్మారా చేసి పెట్టు" అన్నాను.

"నాతోని గాదు."

"అయితే నేనే చేస్కుంట."

"చేస్కో. నా తీరు వేళ్లు కోసుకోకు" అని మళ్లీ గోడ వైపు తిరిగాడు.

కోపంతో అన్న మాటే. కానీ అన్నాక వెనక్కి తీసుకోవడం నాకు చేతకాలేదు. మరునాడు తోటకు పోవడం మానేసి షెడ్డు తలుపు తీశాను. మా అత్త వెనకాలే వచ్చింది.

"ఆడోళ్లు ఉలి పట్టిన ఇల్లు ఏడన్న ఉన్నదానే?" అంది.

"ఆదివారం దాటినంక పట్టుదామంటే ఉలి ఏడుంటది అత్తా?"

ఆమె ఉలుల వైపు చూసింది. "మొక్కి ముట్టు మరి. దసరాకు పూజ చేసే సామాను గది" అని లోపలికి పోయింది. నేను రంపాన్ని కళ్లకు అద్దుకుని పని మొదలుపెట్టాను.

అప్పటికి మా పెళ్లయి ఎనిమిదేళ్లు. వంటింటి తలుపు దగ్గర నుంచి ఆయన పని రోజూ చూసినదాన్నే. చూడటం వేరు, చేయడం వేరు అని మొదటి గంటలోనే తెలిసింది. కాలికి ఉలితో బెజ్జం తొలవాలి. అడ్డపట్టె కొసను ఆ బెజ్జంలో దూరేంత సన్నగా చెక్కాలి. దూరాక కదలకూడదు. నేను చేసినవి కొన్ని దూరలేదు, కొన్ని గంగాళంలో గరిటెలాగా ఆడాయి. ఆడినచోట చెక్కముక్కలు కుక్కాను.

షెడ్డు గోడకు అవతలే ఆయన మంచం. ఆ రోజు మధ్యాహ్నం గోడ అవతలి నుంచి ఆయన గొంతు వినిపించింది.

"రంపం ఏడుస్తాంది. పట్టె కదులుతున్నట్టున్నది. కాలుతోని తొక్కిపట్టు."

నేను ఉలిక్కిపడ్డాను. తొక్కిపట్టి కోస్తే నిజంగానే చప్పుడు మారింది. మళ్లీ ఎప్పటికో, "గంత కోపంగ గుద్దుతున్నవేందే? గది కట్టెనా, నీ అత్తనా?" అన్నాడు.

"నాకు ఇనబడుతాంది రా!" అని వంటింట్లో నుంచి మా అత్త.

నాకు నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. నవ్వితే మళ్లీ మాట్లాడడేమో అని భయం. శుక్రవారం కూడా అట్లాగే గోడ అవతలి నుంచి నాలుగైదు మాటలన్నాడు. బయటికి మాత్రం రాలేదు.

శనివారం మధ్యాహ్నానికి అల్మారా నిలబడింది. తలుపులు లేవు, అరల పట్టీలు లేవు, కానీ నాలుగు కాళ్ల మీద నిలబడింది. నాలుగు కాళ్లకూ ఒక కొసన జాజుతో, అదే గోడలకు పూసే ఎర్రమట్టితో, ఆయన పెట్టిన బొట్టు ఉంది. నాకు తెలిసినంతలో బొట్టు పెట్టేది నెత్తికి. ఇల్లు కట్టేటప్పుడు దర్వాజా నిలబెడితే పై పట్టెకే కదా బొట్లు పెడతారు! అందుకని బొట్టు ఉన్న కొసలు పైకి వచ్చేలా నాలుగు కాళ్లూ నిలబెట్టాను. చూడ్డానికి ముచ్చటగా కూడా ఉంది. చూద్దువు రమ్మని అత్తను పిలిచాను.

ఆమె వచ్చింది, చూసింది, నోటికి చేయి అడ్డం పెట్టుకుంది.

"ఓసి నీ పాడుగాను! నాలుగు కాళ్లూ తలకిందులు నిలబెట్టినవేందే!"

అప్పుడు తెలిసింది నాకు. చెట్టు కోసినప్పుడే వడ్రంగి మొదలు వైపు గుర్తు పెట్టుకుంటాడట. నున్నగా చేశాక ఏది మొదలో ఏది కొసో తెలియక తికమక పడకుండా ఆ జాజు బొట్టు. చెట్టు ఎట్లా పెరిగిందో కట్టె కూడా అట్లాగే నిలబడాలి, మొదలు కిందికి, కొస పైకి. దర్వాజా అయినా, మంచం కోడు అయినా అంతే. వడ్రంగి ఇంట్లోనే నేను నాలుగు వేపచెట్లను నెత్తి మీద నిలబెట్టాను.

మా అత్త కేకకు ఆయన వచ్చాడు. చేయి తెగాక షెడ్డులో అడుగుపెట్టడం అదే మొదటిసారి. చెప్పులు లేవు, చేతికి తువ్వాల అట్లాగే ఉంది. అల్మారా చుట్టూ ఒకసారి తిరిగాడు. నేను ఉలిని వీపు వెనక దాచుకుని నిలబడ్డాను.

"బొట్టు పైకి పెట్టాలని ఎవరు జెప్పిన్రు నీకు?"

"ఎవరు జెప్తరు? బొట్టు నెత్తికి గాక కాళ్లకు పెడతరా?"

ఆయన పనిబల్ల మీద కూర్చుని నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నాడు.

"నవ్వుతవేందిరా? చెట్లు తలకిందులైతే ఇంట్ల మనుషులకు నిలకడుంటదా?" అంది అత్త.

"ఇప్పుడేమన్న నిలకడగ ఉన్నమా అమ్మా?"

ఆమె కొంగుతో అల్మారా మీది పొట్టు దులిపింది.

"తిప్పి పెడతా తియ్యి" అన్నాను నేను.

"తిప్పితే ఉల్లిగడ్డల అర నెత్తికొస్తది, ఆకుకూరల అర మోకాళ్లకొస్తది. బెజ్జాలన్నీ మళ్ల కొట్టాలె."

ఒక కాలు ఊడదీయించి, మొదట నోటితోనే చెప్పి చేయించాలని చూశాడు. "గీడ. గీడ గాదు, జర పక్కకు. గంత పక్కకు గాదు." రెండుసార్లు గీత తప్పు గీశాను. మూడోసారి ఆయన తువ్వాల విప్పి బల్ల మీద పెట్టాడు. ఉలిని ఎడమచేతిలో పట్టుకున్నాడు. కుడిచేతిలో మిగిలిన వేళ్లతో చెక్క సుత్తె పట్టుకుని కొట్టాడు. అది జారి కింద పడింది. నేను తీయబోతే "ముట్టకు" అన్నాడు. తానే వంగి తీసుకున్నాడు. నేను చూస్తుంటే ఆయనకు కష్టమని, పని లేకపోయినా జాలీ చుట్ట విప్పి, మళ్లీ చుట్టి, మళ్లీ విప్పుతూ కూర్చున్నాను. నా చెవులు మాత్రం ఆ దెబ్బల మీదే ఉన్నాయి. ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య చాలాసేపు పట్టేది. పొద్దు వాలేసరికి ఒక్క బెజ్జం అయింది.

"నాది గూడ వంకరనే వచ్చింది" అన్నాడు.

"నా దానికంటే నయమే."

"నీ దానికంటే ఎవ్వలదైన నయమే."

ఆయన్ని లేపడానికే నేను కావాలని కాళ్లు తలకిందులు పెట్టానని మా అత్త గల్లీ అంతా చెప్పింది. కోడలి తెలివి అంటే అదీ అని పొగిడింది. నాకు అంత తెలివి లేదు. నిజంగానే నాకు తెలియదు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ నమ్మలేదు కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నాను.

ఆదివారం పొద్దుటి నుంచి నా ప్రాణం రోడ్డు మీదే ఉంది. ఆయన షెడ్డులో ఊడదీసిన ఆ కాలే పట్టుకుని కూర్చున్నాడు కానీ, వచ్చే మనిషిని వద్దంటానని ఒక్క మాట కూడా అనలేదు. అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. పది గంటలకు స్కూటరు వచ్చి ఆగింది. దాని మీద వచ్చినాయన కూడా వడ్రంగే. రెండు గోనెసంచులు చంకలో పెట్టుకుని నేరుగా షెడ్డులోకి వచ్చాడు.

"సామాను జమ చేసి పెట్టినవా తమ్మీ?"

"కూసో అన్నా. చాయ్ తాగు."

"చాయ్ తర్వాత" అని, మూడు కాళ్ల మీద గోడకు ఆనించి ఉన్న అల్మారాను చూశాడు. "గిదేంది? అల్మారానా, కోళ్ల గూడా?"

"మా ఇంటామె చేసింది."

"అట్లనా చెల్లె? మస్తుగున్నది, మస్తుగున్నది" అని నాలుక కరుచుకున్నాడు. తర్వాత మా ఆయన చేతిలో ఉలిని చూశాడు. "సరే, గీ పని అయినంకనే ఇయ్యి. రేపు రావాల్నా?"

మా ఆయన ఉలి మొనను తువ్వాలతో తుడిచాడు. అటు తిప్పి తుడిచాడు, ఇటు తిప్పి తుడిచాడు.

"రేపు గాదన్నా. ఇస్తలేను."

"ఇస్తలేవా? మొన్న నోటితోని చెప్పినవ్ గదా! మాట తప్పుతవా?"

"తప్పుతున్న. తిట్టు."

వచ్చినాయన మా ఆయన కుడిచేతి వైపు చూశాడు, వంకర బెజ్జం వైపు చూశాడు. సంచులు మళ్లీ మడత పెట్టాడు.

"తిట్టుడెందుకు తమ్మీ? చేతుల పనున్నోని సామాను గుంజుకపోతే నాకే మంచిగ రాదు. చెల్లె, చాయ్ పెట్టు. షక్కర జర ఎక్కువెయ్యి, ఉత్తగ పోతున్న గదా!"

ఆ చాయ్ నేను ఎట్లా పెట్టానో నాకు గుర్తు లేదు. అల్మారా పూర్తి కావడానికి ఇంకో పది రోజులు పట్టింది. నేను కొట్టిన పాత బెజ్జాలను ఆయన చెక్కముక్కలతో పూడ్చాడు. తర్వాత చాలా ఏళ్లు దర్వాజాలు చేశాడు, కిటికీలు చేశాడు. పూలు, తీగలు చెక్కే సన్నపని మాత్రం మళ్లీ ఆయనతో కాలేదు. అదంతా తర్వాత సంగతి.

ఆ ఆదివారం స్కూటరు చప్పుడు రోడ్డు మలుపు దాటిపోయేదాకా విన్నాను. అప్పుడు వంటింటి మెట్టు మీద కూర్చున్నాను. షెడ్డులో నుంచి ఆయన అరుస్తున్నాడు.

"ఏందే, గీ ఉలి నేల మీద పడేసినవ్? పదును ఖరాబైతది. నేల మీద పెడతరా ఎవరన్న? రందా ఏడ పెట్టినవ్? ఒక్కటన్న జాగల ఉన్నదా?"

"వస్తున్న" అన్నాను. కానీ వెంటనే లేవలేదు. ఇంకాసేపు తిట్టనీ అని అక్కడే కూర్చున్నాను.