నాయన అందుకునే సగం

మా చెల్లెలు కుముదవల్లి మొగుడు శఠగోపం. తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి గోష్ఠిలో ఆళ్వార్ల పాసురాలు చెప్పేవాడు. మంచివాడే గానీ ఒట్టి మొండి. గోష్ఠిలో ఒక వరుస సగం పాసురం చెబితే, ఎదుటి వరుస మిగతా సగం అందుకోవాలి. తాను పోయేదాకా ఎదుట కూర్చుని బావకు అందుకున్నది వాళ్ళ నాయనే.

ఎనభై నాలుగులో బావ తలలో గడ్డ లేచింది. మద్రాసులో కోసి తీసి, మిగిలింది చావడానికి రేడియేషన్ కరెంటు పెట్టారు. రెండేళ్ళు బాగానే ఉన్నాడు. ఒక పొద్దున నేను వెళ్ళేసరికి ఒక్కడే కూర్చుని పాసురం చెబుతున్నాడు. సగం చెప్పి ఆగాడు. ఎదుటి గోడను చూస్తూ తల ఊపాడు. మిగతా సగానికి ఎంతసేపు పడుతుందో సరిగ్గా అంతసేపు ఆగి, తరవాతిది ఎత్తుకున్నాడు. దయ్యాల కబుర్లంటే నాకు ఒళ్ళు మంట. అయినా ఆ గోడ వైపు చూడలేకపోయాను.

“ఎవరు బావా ఆడ?”

“నాయన వచ్చినాడు. కూర్చో, మాట్లాడొద్దు.”

మళ్ళీ మద్రాసు. నరానికి మందెక్కించి స్కాన్ తీశారు. పాత చోటే తెల్లటి మచ్చ.

“గడ్డ మళ్ళీ మొలిచినా ఇట్లాగే కనిపిస్తుంది, కరెంటుకు మెదడు కాలినా ఇట్లాగే కనిపిస్తుంది. ఏదో ఇప్పుడే చెప్పలేను” అన్నాడు డాక్టరు. గడ్డయితే మళ్ళీ తల తెరవాలి, ఈసారి మాట పడిపోవచ్చు. కాలిన మచ్చయితే ముట్టుకోకూడదు. వాపు తగ్గే మాత్రలిచ్చి, వాటికి మచ్చ చిక్కితే కాలిందేననుకోవచ్చు, మూడు నెలలాగి చూద్దామన్నాడు.

మాత్రలు మొదలుపెట్టగానే నాయన రావడం మానేశాడు. చెల్లెలు హమ్మయ్య అనుకుంది. కొన్ని వారాలకే సగంలో ఆగడం మళ్ళీ మొదలైంది. ఇప్పుడు గోడను చూసి నవ్వుతున్నాడు కూడా.

రెండో స్కాన్‌లో మచ్చ పెరిగింది. “గడ్డే అయ్యుంటుంది. తెరుద్దాం” అన్నాడు డాక్టరు. బావ బుద్ధిమంతుడిలా తల ఊపాడు. కుముద మాత్రం మొగుణ్ణే చూస్తోంది.

“మాత్రలు మింగినారా?”

బావ కిటికీ వైపు తిరిగాడు.

“పెరుమాళ్ళ మీద ఒట్టేసి చెప్పండి!”

“మింగితే నాయన రాడు కుముదా.”

ఓరి నీ మొండితనం తగలెయ్య! మాటే పోతే పాసురమెక్కడిది, అందుకునే నాయనెక్కడివాడు? అక్కడే, డాక్టరు ముందే, నోటికొచ్చినట్టు తిట్టాను. డాక్టరు ఆపరేషన్ ఆపి, ఆసుపత్రిలోనే ఉంచి, నర్సు ఎదుట మాత్రలు మింగించాడు. ఆ తరవాతి స్కాన్‌లో మచ్చ చిక్కింది. చాలావరకు కాలిన మచ్చే, తెరవక్కర్లేదన్నాడు.

ఇంటికొచ్చిన మర్నాడు బావ స్నానం చేసి, నామం పెట్టుకుని కూర్చున్నాడు. సగం పాసురం చెప్పి ఆగాడు. ఎంతసేపటికీ తరవాతిది ఎత్తుకోలేదు. చివరికి చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

“మా నాయన్ని చంపేసినావు కదే!”

కుముద మాత్రా, చెంబుతో నీళ్ళూ తెచ్చి ఆయన ముందు పెట్టింది. కొంగు భుజాల నిండా కప్పుకుని ఎదుటి గోడ వైపు తిరిగింది.

“మామగారూ, మీరు పోయినారు. ఈయన్ని నాకు వదిలేయండి.”