మెట్ల కాడ మాబున్ని గొంతు

అన్నం ముందర కూచోని అబద్ధం చెప్పేదాన్ని కాదు నేను. నా చెవులతో విన్నదే చెప్తాండా. నవ్వేటోళ్ళు నవ్వుకోండి... నాకేం పోదు. మధ్యలో మాత్రం అడ్డం రావద్దండి, మళ్ళా మొదట్నుంచి చెప్పే ఓపిక నాకు లేదు.

మాబున్ని నా చెల్లెలు. దానికి చిన్నప్పటి నుంచే షుగరు. పెద్దోళ్ళకొచ్చే రకం కాదు, పిల్లోళ్ళకొచ్చేది... పూటపూటకూ ఇన్సులిన్ సూది పడాల్సిందే. ఆళ్ళగడ్డలో మా ఇంట్లో ఫ్రిజ్జు యాడిది? ఆ మందు సీసాను తడి ఇసక పోసిన కుండలో దాచేవాళ్ళం. మాబున్ని రోజూ నంద్యాలకు బస్సులో పోయి డిగ్రీ చదువుకోనొచ్చేది. అమ్మ లేదు. నేనూ నాయనా ఇంట్లోనే పరుపులు కుడ్తాంటిమి.

షుగరు ఎక్కువైతే సూది ఉండాది. దిగిపోతేనే మాకు భయం. మొదట్లో దిగేటప్పుడు దానికి తెలిసేది. చేతులు వణికేవి. "అక్కా, చక్కెర" అనేది. రానురాను ఆ తెలివిడి కూడా పోయింది. మాట్లాడతా మాట్లాడతానే ఒరిగిపోయేది. పగలైతే ఎవరో ఒకరం చూస్తాం... నిద్రలో దిగితే? ఆ భయంతోనే నాకు ఏండ్లతరబడి కంటిమీద కునుకు లేదు.

ఊళ్ళో అప్పుడప్పుడే అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వస్తాండే కాలం. హైదరాబాదులో ఒక పెద్ద డాక్టరు కొన్నాళ్ళు పెట్టుకోని చూడమని ఒక మిషను ఇచ్చినాడు. పొట్టలోకి సన్న సూది, దానిమీద బిళ్ళ, నడుముకు డబ్బా. షుగరెంతుందో అంకె చూపిస్తాది. దిగిపోతే మొత్తుకుంటాది. "ఒక్కోసారి అంకె వెనకబడతాది, ముందటిదే చూపిస్తాంటాది, వేలికి గుచ్చి కూడా చూసుకోండి" అని చెప్పినాడాయప్ప. చెప్తే మాత్రం... దేవుడే డబ్బాలో కూచోని మా ఇంటికొచ్చినట్లు ఉండె మాకు.

"ఇంక నీ కాపలా అక్కర్లేదు కా, గుర్రుపెట్టి పండుకో" అని నన్ను ఎగతాళి చేసింది మాబున్ని.

ఎండాకాలం. ఆ పొద్దు కరెంటు పోయింది. మేమిద్దరం మిద్దెమీద పండుకుంటిమి. నాయన కింద వసారాలో. గ్లూకోజు డబ్బాకు చీమలు పట్టినాయని కిందనే ఇడ్సిపెడితిమి. మిషను ఉంది కదా అని...

ఎందుకో మెలకువొచ్చింది నాకు. రోడ్డుమీద లారీ ఒకటి నంద్యాల దిక్కు పోయింది. ఆ సప్పుడు సన్నగిల్లింది... పోయింది. ఇంకేమీ లేదు. కుక్క కూడా మొరగలే.

అప్పుడు...

"అక్కా..."

కింద నుంచి. మెట్ల కాడ నుంచి. మాబున్ని గొంతు.

నీళ్ళకు దిగిందేమో అనుకున్నా. పలకబోయి, పక్కకు చూసినా... మాబున్ని నా పక్కనే ఉండాది. గోడ దిక్కు తిరిగి పండుకోని ఉండాది. దాని జడ నా చేతి కిందనే ఉండాది.

"అక్కా..."

రాత్రిపూట ఎవరన్నా పిలిస్తే మూడోసారికి గానీ పలకొద్దని మా జేజి, నాయనను కన్నామె, చెప్పేది. దయ్యం రెండుసార్లే పిలుస్తాదంట. మూడోసారి పిల్చడం దాని చేత కాదంట. నేను పలకలే. భయానికి మాబున్నిని గట్టిగా పట్టుకున్నా...

చల్లగా ఉండాది. గుడ్డలన్నీ తడి, పిండితే నీళ్ళు కారేట్లు. "మే... మాబున్నీ..." పలకదు. తిప్పితే మెడ వాలిపోతాంది. దాని నడుముకున్న డబ్బా చూసినా. నూటా పద్దెనిమిది. అంతా బాగుందంటాంది ఆ పాడు డబ్బా.

చక్కెర కింద ఉండాది. ఆ పిల్చేదీ కిందనే ఉండాది.

మూడోసారి పిల్చింది. గట్టిగా కాదు... అలిసిపోయినట్లు. ఏడుపు మింగుకుంటా పిల్చినట్లు.

దిగినా. దిగక ఏం చేయాల? గోడ పట్టుకోని ఒక్కో మెట్టు... ఒక్కో మెట్టు... ముందర ఎవరో ఉన్నట్లే ఉండాది. ఊపిరి ఇనిపిస్తాంది. రొప్పుతాండే ఊపిరి. నాదేనేమో అని బిగబట్టి చూసినా... అది ఆగలే. కండ్లు మూసుకోని అట్లే దిగిపోయినా. గ్లూకోజు డబ్బా దొరకబుచ్చుకోని పైకొచ్చి, మాబున్ని బుగ్గల లోపల, పండ్ల సందున రుద్దతా కూచున్నా. ఎంతసేపో తెలీదు.

మెల్లగా కండ్లు తెరిచింది.

"ఎంతసేపు పిల్చాల కా నిన్ను?" అనింది. "కిందుండా నేను. మెట్లు ఎక్కలేకపోతాండా. పిలుస్తానే ఉండా... పలకవేందీ నువ్వు?"

కల వచ్చింటాది దానికి అనుకున్నా. అట్లనుకోకపోతే ఆ రాత్రి మిద్దెమీద ఉండలేను కదా. తెల్లారి నాయన మొగం కడుక్కుంటా నన్ను తిట్టినాడు. "రాత్రి మాబున్ని మెట్ల కాడ నిలబడి అన్నిసార్లు పిలుస్తాంటే పలకవేందే? చెవుడా నీకు?"

డాక్టరుకు ఫోన్ చేసి అంకె సంగతి చెప్పినా. గొంతు సంగతి చెప్పలే. "వెనకబడతాదని ముందే చెప్పినా గదమ్మా" అన్నాడు. గడువు అయిపోయినాక మిషను వాపసు ఇచ్చేసినాం. మళ్ళా నా కాపలానే.

చలికాలంలో పోయింది మాబున్ని. నిద్రలోనే... నా పక్కనే. గ్లూకోజు డబ్బా మా ఇద్దరి తలల నడుమనే ఉండాది. ఆ రాత్రి చానాసేపు మేలుకోనే ఉంటి, చెవులు రిక్కించుకోని. తెల్లారగట్ల కన్నంటుకుంది. లేచి చెయ్యి వేస్తే... కట్టె మాదిరి ఉండాది.

ఆ ఎండాకాలం పిల్చింది దాని ప్రాణమే అంటాడు నాయన. ప్రాణమే అయితే చలికాలంలో ఎందుకు పిల్చలే? మెట్ల కాడ మూడుసార్లు పిలిపించుకున్నానని అలిగిందా నామీద? ఏమో... నాకు తెలీదు. ఎవరినడిగినా చెప్పలేకపోతాండారు.

లేకపోతే... పిల్చిందేమో. నాకే మెలకువ రాలేదేమో.