మూడు నిమిషాల వంతు

గాబెస్‌లో ఏ ఇంట పెళ్ళి కుదిరినా ముందు కబురు వెళ్ళేది వసీలాకే. పెళ్ళికూతురి చేతులకీ పాదాలకీ గోరింటాకు పెట్టడం ఆమె పని. పద్నాలుగో ఏట బడి మానేసి, మేనత్త వెనకాల గోరింటాకు గిన్నె పట్టుకుని తిరగడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఆ మేనత్త లేదు. గిన్నె వసీలా చేతికి వచ్చి చాలా ఏళ్ళయింది. మనిషి మితభాషి. ఎవరు ఎదురుపడినా ముఖంకన్నా ముందు చేతులు చూస్తుంది. అది చూసి కొత్తవాళ్ళు చేతులు వెనక్కి దాచుకుంటారు.

వేసవంతా పెళ్ళిళ్ళు. చలికాలం వస్తే ఆమెకీ పని ఉండదు, టాక్సీ స్టాండు ఎదురుగా ఉన్న హాజ్ లమీన్ పెళ్ళిహాలుకీ పని ఉండదు. అలాంటి ఖాళీల్లోనే ఊళ్ళో స్లామ్ అనే కవితల పోటీ పుట్టింది.

దానికి మూలం ఇబ్తిహాల్. మందుల షాపులో పనిచేసే పిల్ల, చదువుకోసం రాజధాని తూనిస్‌లో కొన్నేళ్ళు ఉండి వచ్చింది. అక్క పెళ్ళికి గోరింటాకు పెట్టించుకుంటూ, రెండు చేతులూ కదపడానికి లేక, ఉన్న నోటితో తూనిస్ కబుర్లన్నీ చెప్పింది.

"ఎవరు రాసింది వాళ్ళే చెప్పాలక్కా. వాయిద్యం ఉండదు, వేషం ఉండదు. మూడు నిమిషాలు, అంతే. వినడానికి వచ్చినవాళ్ళలోంచే అయిదుగురిని లేపి మార్కులు వెయ్యమంటారు. అందులో పెద్దదీ చిన్నదీ తీసేసి మిగతా మూడూ కలుపుతారు."

"ఆ అయిదుగురూ పండితులా?"

"కాదు. దారినపోయేవాళ్ళు. అందం అంతా అందులోనే ఉంది."

"అయితే ఇక్కడ సాగదు," అంది వసీలా, వేలు వంచి చుక్క పెడుతూ.

"ఏం?"

"ఇక్కడ దారినపోయే ప్రతివాడూ ఎవరో ఒకరికి మేనమామే."

అన్నదిగానీ ఇబ్తిహాల్ చెప్పిన సంగతి ఆమెని వదల్లేదు. గోరింటాకు రాత్రుల్లో ఆడవాళ్ళు అప్పటికప్పుడు అల్లి పాడే పాటలు ఎన్ని విన్నదో! తెల్లారేసరికి వాటిని పాడినవాళ్ళే మరిచిపోయేవారు. వాటికి ఒక చోటంటూ ఉంటే బాగుండునని ఆమెకి ఎప్పటినుంచో ఉంది. హాజ్ లమీన్‌ని అడిగితే, "మనుషులు తిరక్కపోతే ఎలుకలు తిరుగుతాయి, వాడుకోండి," అని తాళాలు ఇచ్చాడు.

మొదటి ఆదివారం ఆమె భయపడినట్టే జరిగింది. అయిదుగురు న్యాయనిర్ణేతలూ అందరికీ పదికి పది వేశారు. ఒక్క పాదం చెప్పి మిగతాది మరిచిపోయి దిగిపోయిన కుర్రాడికి కూడా పదే. ఇబ్తిహాల్ తల పట్టుకుంది. వాళ్ళలో ఒకడైన కిరాణా కొట్టు అబ్దెల్లీని నిలదీస్తే, "వీడికి ఏడు వేస్తే రేపు వీళ్ళమ్మ నా కొట్టుకి వస్తుందా? ఆమె కొనే సరుకు నువ్వొచ్చి కొనుక్కుంటావా?" అని ఎదురు అడిగాడు.

తర్వాతి నెల వసీలా రోడ్డు దాటి టాక్సీ స్టాండుకి వెళ్ళింది. స్ఫాక్స్ ఊరు వెళ్ళే షేర్ టాక్సీ నిండేదాకా కదలదు. అక్కడ విసుగ్గా కూర్చున్న పరాయి ఊరివాళ్ళని అయిదుగురిని టీ ఇస్తామని చెప్పి తీసుకొచ్చింది. వాళ్ళకి ఈ ఊళ్ళో మేనల్లుళ్ళు లేరు. మొహమాటం లేకుండా మార్కులు వేశారు. రెండో విడత నడుమ బయట డ్రైవరు "స్ఫాక్స్! నిండింది, స్ఫాక్స్!" అని కేక పెట్టగానే నలుగురు మార్కుల పలకలు కుర్చీల్లో పడేసి పరుగెత్తారు. వేదికమీద ఉన్న కవి నోరు తెరుచుకుని ఉండిపోయాడు. ఆ తర్వాత వసీలా స్టాండు పెద్దతో మాట్లాడి, తన అయిదుగురికీ సాయంత్రం బండిలో సీట్లు ఆపించడం మొదలుపెట్టింది.

అలా రెండు చలికాలాలు గడిచాయి. కుర్రాళ్ళు బాగానే వచ్చేవారు. ఆడపిల్లలు రాయగలరు, రావాలనీ ఉంది, కానీ తండ్రులు పంపరు. "పెళ్ళిహాల్లో పెళ్ళి లేకుండా ఏం పని?" అనేవారు. వసీలా ఆలోచించి చివరికి మునవ్వర్ బాబాయి దగ్గరికి వెళ్ళింది.

మునవ్వర్ షెనినీ ఖర్జూర తోటల్లో కాపు. ఖర్జూరాల నీడన దానిమ్మ, దానిమ్మ నీడన గోరింట పండిస్తాడు. వసీలా ఆకు కొనేది ఆయన దగ్గరే. పాతకాలపు పద్యాలు నోటికి ఎన్ని వేలు వచ్చో ఆయనకే తెలియదు. సొంతంగా కట్టడంలోనూ ఆయన మాటకి ఊళ్ళో విలువ ఉంది.

"నా నోటికి మార్కులా? బళ్ళోనే వేయించుకోలేదు, ఇప్పుడు వేయించుకుంటానా?" అన్నాడు మొదటిసారి.

ఆకు కొనడానికి వెళ్ళినప్పుడల్లా వసీలా మళ్ళీ అడిగేది. ఎక్కువ మాట్లాడకుండా అడిగి, ఆకు మూట కట్టుకుని వచ్చేసేది. ఆఖరికి ఆయనే విసిగిపోయాడు.

"వస్తానుగానీ ఒక షరతు. ఆ పెళ్ళికొడుకు సింహాసనం ముందు మాత్రం నిలబడను. ఆ శిక్ష నాకు ఒకసారి పడింది, చాలు."

ఎర్ర మఖమలు సింహాసనాలు రెండింటికీ దుప్పటి కప్పారు. మునవ్వర్ వచ్చాడు, వెంట స్నేహితుడు తిజానీతో సహా తోటల ముసలివాళ్ళు నలుగురైదుగురు వచ్చారు. రెండు నెలలు ఊరికే ముందు వరసలో కూర్చుని విన్నారు. ఆ సంగతి ఊరంతా పాకింది. మునవ్వర్ కూర్చున్న చోటికి కూతుర్ని పంపడానికి భయమేమిటని తండ్రులు ఒక్కొక్కరే మెత్తబడ్డారు. బస్సు గ్యారేజీలో పనిచేసే రిదా కూడా తన కూతురు ఉన్స్‌ని పంపాడు, తనే తీసుకొచ్చి గుమ్మం దగ్గర నిలబడే షరతుమీద.

జనవరి పోటీలో గెలిచినవాళ్ళు తూనిస్‌లో జరిగే పెద్ద పోటీకి వెళ్ళాలి. ఆరోజు మునవ్వర్ కూడా పేరు ఇచ్చాడు.

ఉన్స్ ముందు చెప్పింది. పదిహేడేళ్ళ పిల్ల, ఊపిరి ఎక్కడ తీసుకుంటోందో తెలియకుండా, వాగులా చెప్పుకుపోయింది. "మా ఇంట్లో నా గొంతుకి తలుపు వేస్తారు, వంటింటి కిటికీ సంగతి మరిచిపోతారు," అన్న చోట ఆడవాళ్ళ వరస మెచ్చుకోలుగా చిటికెలు వేసింది. మూడు నిమిషాలకి కొంచెం ముందే ముగించింది. నెలరోజులు దాని కోసమే సాధన చేసింది.

తర్వాత మునవ్వర్ లేచాడు. ఎండిపోయిన ఊట గురించి కట్టిన పద్యం. "ఊట దాహంతో వచ్చి మా గుమ్మంలో నిలబడింది, కుండ వంచి నేనే దానికి నీళ్ళు పోశాను," అన్నాడో లేదో తిజానీ ఎగిరి నిలబడ్డాడు.

"మళ్ళీ! నీ నోరు చల్లగుండ, మళ్ళీ చెప్పు!"

విన్నవాడు మళ్ళీ అంటే మళ్ళీ చెప్పాలి. చెప్పకపోతే ఇంటికొచ్చినవాడికి మంచినీళ్ళు ఇవ్వనట్టు. మునవ్వర్ ఆ పాదం మళ్ళీ చెప్పాడు. ఇంకో పాదానికి ఇంకొకరు అడిగారు. అదీ చెప్పాడు. మూడు నిమిషాలు అయిపోయాయని గుర్తుగా ఇబ్తిహాల్ మందుల షాపునుంచి తెచ్చిన ఇత్తడి కల్వాన్ని రోకలితో ఒకసారి కొట్టింది, ఆగి ఇంకోసారి కొట్టింది. ఆయన తొందరపడలేదు. పద్యం తన దారిన తను పూర్తయింది.

పలకలు లేచాయి. అందరికన్నా పెద్ద మార్కులు. ఇబ్తిహాల్ వసీలా చెవిదగ్గరికి వంగింది.

"మూడుమీద ఇంకో నిమిషం అయిందక్కా. లెక్కప్రకారం మార్కులు తగ్గించాలి. తగ్గిస్తే ఉన్స్ పైకి వస్తుంది."

వసీలా నిలబడిపోయింది. తగ్గిస్తే ఈ ముసలివాళ్ళు లేచిపోతారు. వాళ్ళు పోతే తండ్రులు పోతారు, తండ్రులు పోతే పిల్లలు. తగ్గించకపోతే? హాలు అంచున ఉన్స్ తలగుడ్డ కొసని వేలికి చుట్టి విప్పి, చుట్టి విప్పి చేస్తోంది. హాలంతా వసీలానే చూస్తోంది.

"ఏంటే అంత ఆలోచన?" అన్నాడు ముందు వరసలోంచి ఆ గుసగుస విన్న తిజానీ. "ముసలాడికి ఒక్క నిమిషం దానం చెయ్యలేరా?"

ఆ తర్వాత కూడా ఆమె కొంతసేపు అలాగే ఉండిపోయింది. చివరికి, "తగ్గించు," అంది.

మునవ్వర్ ఉన్ని అంగీ భుజాలమీద సర్దుకుని టీ తాగకుండా వెళ్ళిపోయాడు. వెనకాలే తిజానీ, మిగతావాళ్ళు. ఉన్స్ గెలిచిందని చెబితే చప్పట్లు అక్కడక్కడా పడ్డాయి. వెళ్ళేటప్పుడు రిదా, "తూనిస్ సంగతి, పై నెల సంగతి చూద్దాంలే," అన్నాడు. ఆ ఊళ్ళో తండ్రి "చూద్దాం" అన్నాడంటే పిల్ల ఇక ఆశ వదులుకోవడమే.

మర్నాడు పొద్దున్నే వసీలా షెనినీ వెళ్ళింది. ఆరోజు మునవ్వర్ నీటి వంతు. బోరునుంచి వచ్చే నీళ్ళు గంటల లెక్కన తోటతోటకీ మారతాయి. ఆయన పారతో గట్టు తెంపుతూ ఆమెని చూసి కూడా చూడనట్టు ఉన్నాడు. ఆమె గట్టుమీద కూర్చుంది.

"మార్కులు తగ్గించినందుకు కోపమా బాబాయ్?"

"తగ్గించినందుకా?" పార నేలకి దిగేసి నిలబడ్డాడు. "పిచ్చిదానా, పుట్టిన దగ్గర్నుంచీ నేను బతికింది వంతుమీదే. నా వంతు అయిపోగానే పక్కవాడు మడవ తిప్పుకుంటాడు. నీ దానిమ్మ తడిసిందా మునవ్వర్ అని అడుగుతాడా? అడగడు. అడక్కూడదు కూడా. నా గడ్డం నెరిసిందని ఎవడైనా ఒక్క దోసెడు ఎక్కువ వదిలాడా?"

"మరి?"

"మరి నువ్వు నిలబడి ఆలోచించావే, అదీ నా కోపం. ఆ పిల్ల దాటితే ఆలోచించేదానివా? టక్కున తగ్గించేదానివి. నాకు మాత్రం అందరిముందూ దానం గిన్నె చూపించి, ఇద్దామా వద్దా అని నిలబడ్డావు."

వసీలా ముఖం వేడెక్కింది. నిజమే. ఆ తిజానీ నోటి మాటని తను మౌనంతో ఒప్పుకున్నట్టే అయింది. గట్టుమీద మట్టిబెడ్డ తీసి చిదుపుతూ అడిగింది.

"తప్పే బాబాయ్. ఇకమీదట ఆలోచించను. కానీ వాళ్ళు మళ్ళీ అంటే మీరేం చేస్తారు?"

"అదే నాకూ తోచట్లేదు," అని ఒప్పుకున్నాడాయన. కోపం కొంచెం దిగింది. "అడిగినవాడికి లేదనడం మా ఇంటా వంటా లేదు."

అవతల పక్క తోటవాడు వచ్చి మడవ తిప్పుకున్నాడు. మునవ్వర్ కాలువలో నీళ్ళు నిలిచిపోయాయి. గాడిద వచ్చి ఆ మిగిలినవి తాగింది. ఇద్దరు చిన్నపిల్లలు అందులో కాళ్ళు ఆడించారు. వాళ్ళని ఎవరూ ఏమీ అనలేదు. వసీలా అటే చూస్తూ ఉండిపోయింది.

"మార్కులన్నీ అయిపోయాక టీ దగ్గర కూర్చుందాం," అంది మెల్లగా. "అప్పుడు ఎవరు ఏ పాదం అడిగితే అది చెప్పొచ్చు. ఎన్నిసార్లయినా. కల్వం మోతా ఉండదు, పలకా ఉండదు. పోటీలో మాత్రం ఎవరూ మళ్ళీ అనకూడదు."

"అంతవరకూ తిజానీ నోరు మూసుకుంటాడంటావా?"

"మీరు చెబితే మూసుకోడూ?"

"వాడి పెళ్ళాం చెబితేనే మూసుకోలేదు. చూస్తాలే. ఆకు కావాలా, ఊరికే వచ్చావా?"

ఆమె ఆకు తీసుకుంది.

ఫిబ్రవరి ఆదివారం మునవ్వర్ అందరికన్నా ముందు వచ్చి కూర్చున్నాడు. రోడ్డు అవతలనుంచి అది చూసిన రిదా కాసేపు తటపటాయించి, కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చి మళ్ళీ గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. ఈసారి మునవ్వర్ పద్యం నడుస్తున్నంతసేపూ తిజానీ తన తలగుడ్డ కొస నోట్లో కుక్కుకుని కూర్చున్నాడు. రెండుసార్లు అతని పిరుదులు కుర్చీమీంచి లేచాయి. మాట మాత్రం బయటికి రాలేదు. కల్వం మోగకుండానే పద్యం ముగిసింది. మార్కుల్లో రెండో స్థానం వచ్చింది. మొదటిది రొట్టెల బట్టీ కుర్రాడికి. "వాడి గొంతు పొయ్యిలా ఉంది," అన్నాడు మునవ్వర్, మెచ్చుకోలో దెప్పిపొడుపో తెలియకుండా.

పలకలు తీసేసి కుర్చీలు గుండ్రంగా వేశారు. వేరుశనగ గింజలు వేసిన టీ గ్లాసులు తిరిగాయి. తిజానీ దిగమింగినవన్నీ ఒక్కసారి బయటికి వచ్చాయి. ఊట పాదం మునవ్వర్ ఎన్నిసార్లు చెప్పాడో ఎవరూ లెక్కపెట్టలేదు. తర్వాత తిజానీ గ్లాసు కింద పెట్టి ఆడపిల్లల వైపు తిరిగాడు.

"ఏం తల్లీ, పోయిన నెల చెప్పావే, వంటింటి కిటికీ. అది మళ్ళీ!"

ఉన్స్ నోరు తెరిచింది. పాదం రాలేదు. ఎర్రబడిపోయింది.

"నడుమనుంచి అందట్లేదు తాతా. మొదట్నుంచి పరుగెత్తుకొస్తేగానీ రాదు."

ముసలివాళ్ళు నవ్వారు. "పరుగెత్తుకునే రా. ఎవరాపారు?" అన్నాడు మునవ్వర్.

ఆమె మొదలుపెట్టింది. గుమ్మం దగ్గర రిదా నేల చూపులు చూస్తున్నాడు. ఆ పాదం వచ్చింది. "మళ్ళీ!" అన్నారు. మళ్ళీ మొదటికి వెళ్ళి పరుగెత్తుకొచ్చింది. వసీలా గ్లాసులు పోగుచేసుకుంటూ గుమ్మందాకా వెళ్ళి ఆగింది. రిదా చేతులు గ్యారేజీ నూనెతో నల్లగా ఉన్నాయి. ఒకదాన్నొకటి రుద్దుకుంటున్నాయి.

"ఆ కిటికీ మాదే," అన్నాడతను, చూపు ఎత్తకుండా.

వసీలా గ్లాసులు గడప పక్కన పెట్టింది.

"నిజంగానే దాని సంగతి మరిచిపోయాం." చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. "తూనిస్‌కి పిల్లతో ఎవరు వెళ్తున్నారు?"

"నేనూ, ఇబ్తిహాలూ."

"మందపాటి బట్టలు వేసుకోమనండి. అక్కడి చలి ఇక్కడిలాంటిది కాదు."

లోపల మూడోసారి "మళ్ళీ" అన్నారు. ఉన్స్ నవ్వుతూ ఊపిరి తీసుకుని, మొదటి మాటనుంచి ఎత్తుకుంది.