దొరసానమ్మక్క నా చేతికిచ్చిన గన్ను

"గన్నును స్టాండులో పెట్టినావా?"

"పెట్టినానక్కా."

"ఊరికే ఆనించి పెడితే కాదు. అదిమి పెట్టినావా? లైటు వచ్చిందా, చూసినావా?"

"వచ్చింది తల్లీ, వచ్చింది. మోకాళ్ళు పట్టేసినాయంటివి కదా, నీ నోటికేం పట్టలేదా? ఫోను పెట్టేయ్, ఈడ బేరం ఉండాది."

"నన్నే పెట్టేయమంటావా? రేపు వస్తా ఉండు, నీ కథ చెప్తా."

దొరసానమ్మక్కా నేనూ ఆఖరుసారి మాట్లాడుకున్న మాటలు ఇవే. ఆమె చెప్పిన రేపు రాలేదు. తెల్లారేసరికి గుండె పట్టుకొని పోయిందని కబురొచ్చింది. ఇన్నేండ్లు ఒకే కౌంటరు వెనక నిలబడిన మనుషులం, ఆఖరున మాట్లాడుకోవాల్సిన మాటలేనా ఇవి? బాగుండావా అని ఆమె అడగలేదు, జాగ్రత్తక్కా అని నేను అనలేదు. చీరల ధర చదివే ప్లాస్టిక్ గన్నుకు లైటు వచ్చిందా రాలేదా అని కొట్లాడుకొని విడిపోయినాం. తలుచుకుంటే ఏడుపు రాదు నాకు, ఒళ్ళు మండుతుంది.

ఈ పొద్దు మందుల అంగట్లో నిలబడి ఉంటే వాళ్ళ గన్ను కుయ్ కుయ్ కుయ్ అని ఏడిచింది. అది స్టాండుతో లింకు తెగిపోయినప్పుడు ఏడ్చే ఏడుపు, నాకు తెలుసు. అంగడాయన దాన్ని అరచేతిలో కొట్టుకుంటా నిలబడినాడు. నా చేయి దానంతటదే ముందుకు పోయింది. "చూస్తా ఉండావేందిమే" అని వెనకనుంచి ఎవరో అరిచినట్టయి తిరిగి చూసినాను. ఎవరూ లేరు. మాత్రలు కొనుక్కొని ఇంటికొచ్చి, మా చెల్లెలి కూతురు రేవతిని కూచోబెట్టి, నేను చెప్తా నువ్వు రాయి అన్నాను. నాకు సంతకం పెట్టడం వచ్చు, బస్సు బోర్డు కూడబలుక్కుంటాను, అంతే.

దొరసానమ్మక్కను మీరెవరూ చూసి ఉండరు. నగరిలో మా పట్టుచీరల అంగట్లో పెండ్లి చీరల కౌంటరు ఆమెది. భారీ మనిషి. నుదుట ఇంత పెద్ద ఎర్రబొట్టు, నోట్లో ఎప్పుడూ ఆకువక్క. వచ్చిన పెండ్లివాళ్ళ మొహం చూసి ఏ చీర తీయాలో చెప్పేది. ఎవరినైనా తిట్టేది. ముదలాళిని కూడా. మా దిక్కున అంగడి యజమానిని ముదలాళి అంటాం. ఆయన ఆమె తిట్లకు అలవాటు పడిపోయి, తిట్టని రోజు ఒంట్లో బాగలేదా అని అడిగేవాడు.

మా ఆయన మరమగ్గాల కాడ పని చేసేవాడు. మగ్గం ముందరే కూలబడి పోయినాడు. నేను అంతకుముందు ఇంట్లో మగ్గానికి నూలు కండెలు చుట్టేదాన్ని. ఆయన పోయినాక అంగట్లో పనికి చేరినాను. ముదలాళి మంచివాడే, మంచిగానే చెప్పినాడు. "నువ్వు లోపల స్టోరు రూములో ఉండమ్మా. చీరలకు గీతల చీటీలు అంటించు. ముహూర్తం చీరలు చూపించే కాడికి రావద్దు. నాకేం పట్టింపు లేదు, వచ్చేవాళ్ళకు ఉంటాది కదా." ముహూర్తం చీర అంటే తాళి కట్టేటప్పుడు పెండ్లికూతురు కట్టుకునేది. నా మాదిరి మొగుడు పోయిన ఆడది దాన్ని తాకితే ఎవరికైనా పట్టింపే. నేను సరే అన్నాను. కిటికీ లేని గది, గంజివాసన, గీతల చీటీలు. ఇంక నా బతుకు ఈ గోడ ఇవతలే అనుకున్నాను. దానికి ఏడ్చింది కూడా లేదు.

అప్పుడొచ్చింది ఆ గన్ను. అంతకుముందు ఉన్నదానికి వైరు ఉండేది, అది తెగి తెగి పాడైపోతే వైరు లేనిది తెప్పించినారు. చీర మీది గీతల చీటీకి చూపిస్తే ఎర్రగా ఒక గీత పడి కుయ్ అంటుంది, చీర ధర కంప్యూటర్లో పడుతుంది. దాన్ని పెట్టెలోంచి తీసిన పొద్దే దొరసానమ్మక్క ముదలాళి ముందర నిలబడింది.

"ముదలాళీ, దీన్ని మునెమ్మకిస్తా ఉండా."

"ఆమె లోపల కదా ఉండేది?"

"లోపలికి తీసుకొనిపోతే ఇది ఏడస్తాది. వినండి." గన్ను ఎత్తుకొని నేనున్న స్టోరు రూములోకి నడిచొచ్చింది. గోడ దాటేసరికి అది కుయ్యోమని మొత్తుకుంది. "విన్నారా? గన్ను బయటుండాలంటే పట్టుకున్న మనిషి కూడా బయటే ఉండాల."

"ఇంకెవరికన్నా ఇయ్యి, దొరసానమ్మా."

"ఎవురికిచ్చేది? నాకు చెయ్యి వణుకు. ఆ పిల్లోళ్ళు రెండు పొద్దుల్లో పగలగొడతారు."

చెయ్యి వణుకంట! ఆ చేతులతోనే కుచ్చిళ్ళు పోస్తే ఒక్క మడత తప్పేది కాదు. అయినా నన్నొక మాట అడిగిందా? అడగలేదు. నా రెక్క పట్టుకొని ఈడ్చుకొచ్చి కౌంటరు చివర నిలబెట్టింది. పెండ్లివాళ్ళు వస్తే తల దించుకొని చీటీ మీదే చూపు పెట్టేదాన్ని. "నేలమీద ఏం పోగొట్టుకున్నావుమే? తలెత్తు" అని నడుం మీద ఒకటి వేసేది. ఆమెను తిట్టుకోని పూట లేదు.

ఆ గన్ను కూడా ఆమె మాదిరిదే. ఉన్నట్టుండి మొండికేసేది. దాని పెట్టెలో ఒక అట్ట వచ్చింది, అట్ట నిండా గీతల గుంపులే, కింద ఇంగ్లీషు. గన్నుకు ఏం నేర్పాలన్నా ఆ అట్టమీది గీతల్లో ఒకదాన్ని దానికి చూపించాల. ఒకటి చూపిస్తే శబ్దం పెరుగుతుంది, ఇంకోటి చూపిస్తే తగ్గుతుంది. ఒకటి మాత్రం అన్నీ తుడిచేసేది. అది చూపిస్తే గన్ను నేర్చుకున్నదంతా మరిచిపోయి, పెట్టెలోంచి వచ్చినప్పటి మాదిరి అయిపోతుంది. ఆ తర్వాత స్టాండు నెత్తిన అంటించిన గీతలు చూపిస్తే మళ్ళీ స్టాండుతో కలుస్తుంది. ఇదంతా చెన్నైనుంచి ఒక రిపేరు పిల్లోడు ఫోన్లో అరవంలో చెప్పినాడు. దొరసానమ్మక్క ముక్కాలిపీట మీద కూచొని, "తంబీ, మెల్లగా చెప్పప్పా, మా ఆడమనిషికి చెవుల్లో దూది ఉండాది" అంటా నాకు తిప్పి చెప్పేది. తను మాత్రం గన్ను ముట్టదు.

ఎన్నిసార్లు తప్పినానో. గీతలు దగ్గర దగ్గరగా ఉంటాయి కదా, ఒకదానికి పెడితే గన్ను పక్కదాన్ని చదివేసేది. ఒకసారి దాని నోరు పడిపోయింది. ఒకసారి ప్రతి నంబరుకూ ముందర ఏదో ఇంగ్లీషు అక్షరం తగిలించుకొని వచ్చింది. "నా వల్ల కాదక్కా, నన్ను లోపలికే పంపించు" అని అట్ట విసిరేసినాను. ఆమె వంగి అట్ట తీసుకొని, చీరల మడతలో పెట్టే గట్టి అట్టముక్కకు చిన్న కిటికీ కోసింది. "దీన్ని పైన పెట్టు. కావాల్సింది ఒక్కటే కనబడాల, మిగతావి మూసుకోవాల." తుడిచేసే గీత ఏదో నాకు గుర్తుండటం లేదంటే, నుదుటిమీది స్టిక్కర్ బొట్టు పీకి ఆ గీత పక్కన అంటించేసింది.

"అయ్యో, బొట్టెందుకు తీసినావక్కా?"

"ఇంకోటి పెట్టుకుంటాలే. అంతలోకే నా మొగుడేం ఉడాయించడు."

అన్నాక నన్ను చూసి నాలుక కరుచుకుంటుందేమో అనుకున్నాను. కరుచుకోలేదు. "ఏం చూస్తావు? ఎర్రబొట్టు కాడ పెట్టు గన్ను" అనింది. అట్లాంటి మనిషి. నా ముందర ఎవరూ మొగుడి మాట ఎత్తేవాళ్ళు కాదు, ఎత్తినా గొంతు తగ్గించేవాళ్ళు. ఆమెకు గొంతు తగ్గించడం తెలియదు. ఆ పొద్దు కోపంతో కండ్లు మండినాయి. ఆ కోపంలోనే గన్నును తుడిచి, కలిపి, తప్పు లేకుండా చేసేసినాను.

అసలు రచ్చ ఆయుధపూజ తెల్లారి జరిగింది. పండగపొద్దు అంగట్లో అన్నిటికీ పూజ చేస్తాం. కత్తెర్లు, గజంబద్ద, కంప్యూటరు, గన్ను. పూజంతా దొరసానమ్మక్కే చేసింది, నేను దూరంగా నిలబడినాను. తెల్లారి బీరువాలు తెరిచేసరికి పుత్తూరు దిక్కునుంచి పెండ్లివాళ్ళు దిగినారు. పెండ్లికూతురి అవ్వ ముందర కూచుంది. ముహూర్తం చీర తీసుకున్నారు. రాహుకాలం వచ్చేలోపల బిల్లు అయిపోవాలని అవ్వ పట్టు.

గన్ను చీటీకి పెట్టినాను. కుయ్ అనలేదు. మళ్ళీ పెట్టినాను. లేదు. ఎర్రబొట్టు గీత చూపించినాను, దాన్నీ చదవలేదు. స్టాండు కాడ చూపించినాను, బటన్ పట్టుకొని నొక్కినాను, విదిలించినాను. ఏం లేదు. అవ్వ చేతి గడియారం చూస్తా ఉండాది. చూపు గడియారం మీదినుంచి నా మొహం మీదికొచ్చింది. బొట్టు లేని నుదుటి మీద ఆగింది. చీరను మెల్లగా తన వైపుకు లాక్కుంది.

"ఇంకెవరన్నా బిల్లు వేయగూడదామ్మా?" అనింది. కోపంగా కాదు, భయంగా.

ముదలాళి గల్లాపెట్టె కాణ్ణుంచి లేచొచ్చినాడు. "నేను మొదటే చెప్పినా దొరసానమ్మా, ఈమెను లోపలే ఉండనీమని. పండగ తెల్లారి, పెండ్లి చీర కాడ... చూడు ఇప్పుడు."

అంతే. గన్ను కౌంటరు మీద పెట్టేసినాను. ఇంక లోపలికే, ఆ గంజివాసన గదికే అనుకున్నాను. ఎవరేమన్నా ఇంక బయటికి రానని కూడా అనుకున్నాను. రెండడుగులు వేసినానో లేదో కొంగు పట్టి లాగింది దొరసానమ్మక్క.

"యాడికిమే? దాని మూతి చూసినావా నువ్వు?"

గన్ను తిప్పి చూసినాను. ముందర అద్దం ఉంటుంది కదా, వెలుగు వచ్చే చోటు, ఆడ మందంగా గంధం. ఎండి బిగుసుకొని ఉండాది. మధ్యలో కుంకుమబొట్టు. గుడి విగ్రహానికి పెట్టినట్టు పెట్టింది మహాతల్లి! ఇంక అది ఏం చదువుతుంది?

అయినా నా చేయి రాలేదు. మా ఆయన పోయినప్పుడు నా నుదుట బొట్టు చెరిపిన చేతులు నాకింకా తెలుస్తా ఉంటాయి. పెండ్లివాళ్ళు చూస్తా ఉంటే, ముహూర్తం చీర ముందర పెట్టుకొని, నేను కుంకుమ చెరపడమా?

"నువ్వు తుడువక్కా" అన్నాను గొంతు లోపలే.

ఆమె అంగడంతా వినేటట్టు అరిచింది. "గన్ను ఎవురిది? నీది. గంధం ఎవురు పూసినారు? నేను. ముత్తైదువను కదా, నిండుగా పూస్తే మంచిదని పూసినా, దాని కండ్లు మూసుకుపోయినాయి. తప్పు నాది ముదలాళీ, ఈమెది కాదు. అవ్వా, మీకు రాహుకాలం లోపల బిల్లు కావాల్నా, ఈమె నుదురు చూస్తా కూచుంటారా? తుడువుమే!"

తుడిచినాను. పైటచెంగు నోటితో తడిపి, గీకి గీకి తుడిచినాను. గన్ను కుయ్ అనింది. కంప్యూటర్లో మాత్రం ఏం పడలేదు. ఇంతసేపు నేను చేసిన తిప్పలకు అది స్టాండుతో తెగిపోయి ఉండాది. నాకు అప్పుడు భయం పోయింది, ఇది నాకు తెలిసిన జబ్బే. అట్ట మీద కిటికీముక్క పెట్టి, ఎర్రబొట్టు గీత చూపించి తుడిచేసినాను. స్టాండు నెత్తిన చూపించి కలిపినాను. చీర కోసం చేయి చాపినాను. అవ్వ ఒక్క నిమిషం నన్ను చూసింది. తర్వాత చీరను నా ముందరికి తోసింది. "బిరీన కానీయమ్మా. మడత నలపొద్దు" అనింది. కుయ్. కంప్యూటర్లో ధర పడింది.

వాళ్ళు పోయినాక దొరసానమ్మక్క రెండు మంచి మాటలంటుందని ఎదురు చూసినాను. "పట్టుచీరల అంగట్లో ఎంగిలి పైటతో తుడస్తావా? సిగ్గులేదా?" అనింది. నేను కూడా ఊరుకోలేదు, "అలంకారం చేసి దాన్ని గుడ్డిదాన్ని చేసింది ఎవరు?" అన్నాను. ఆమె నోట్లో ఆకును దవడకు తోసుకుంది. "ఇంక మీదట పండగొస్తే గన్నుకు గంధం పెట్టేది కూడా నువ్వే. వెనక పక్క పెట్టు, ముందర కాదు" అని లేచిపోయింది. ముదలాళి విన్నాడు. ఆ తర్వాత ఏ పండగకూ నాకు అడ్డం రాలేదు.

ఆమె నన్ను ప్రేమగా చూసుకుందని చెప్పను. అబద్ధం అవుతుంది. కూచుంటే తప్పు, నిలబడితే తప్పు. నన్ను చూసి జాలిపడే ఆడవాళ్ళు నిండా ఉండేవాళ్ళు, అందరూ నాకు లోపలి గదే చూపించినారు. ఈమె జాలిపడలేదు, బయట నిలబెట్టి సతాయించింది. ఇప్పుడు ఆ కౌంటరు కాడ ఒక్కదాన్నే నిలబడతాను. తల దించితే నడుం మీద వేసే చెయ్యి లేదు. అయినా తల దిగదు. అదొక్కటే ఆమె నాలో పెట్టిపోయింది, ఎంత తుడిచినా పోయేది కాదు.

రాస్తా ఉండావా రేవతీ? ఆపొద్దు, ఇదీ రాయి. నిన్న మీ అమ్మ నన్ను పక్కకు పిలిచి, అక్కా, పిల్ల పెండ్లిలో తాళి కట్టేటప్పుడు నువ్వు కొంచెం వెనక నిలబడు, మగపెండ్లివాళ్ళు ఏమనుకుంటారో అనింది. నేను సరే అన్నాను. నోరు జారి సరే అన్నాను, అలవాటు కొద్దీ. ఇప్పుడు ఆ సరే తీసేస్తా ఉండా. నీ ముహూర్తం చీర నేనే చూపిస్తాను, నేనే బిల్లు వేస్తాను, తాళి కట్టేటప్పుడు ముందర వరసలో, నీకు కనబడే చోట నిలబడతాను. ఏడుస్తావెందుకు? కండ్లు తుడుచుకో. మీ అమ్మకు తర్వాత వినిపిద్దువు గానీ, ముందర నాకు చదువు మొదటినుంచి. ఆమె తిట్లు నువ్వేమన్నా మర్యాదగా మార్చినావేమో నాకు తెలియాల. గట్టిగా చదువు.