విత్తనం పొట్టు తీసిన రోజు

నాకు కుళ్లు ఎక్కువ. దానికి బాధ అనో బెంగ అనో పేరు మార్చి చెప్పుకోవడం నాకు చేతకాదు. నా కూతురికి రెండున్నరేళ్లప్పుడు మా యారాలి మీద, అంటే నా భర్తకు సొంత వదిన మీద, కళ్లల్లో నిప్పులు పోసుకున్నాను. ఆమె నాకు చేసిన ద్రోహమల్లా నా బిడ్డను బాగా చూసుకోవడమే.

నా ఉద్యోగమేమిటో చెప్తే మీకు నవ్వొస్తుంది. గోరంట్ల చుట్టుపక్కల ఊళ్లకు స్కూటీ మీద తిరిగి, బడి ఈడు రాని పిల్లలున్న ఇళ్లలో తల్లుల పక్కన కూర్చుని మాట్లాడటం. బిడ్డకు మొదటి బడి ఇల్లే, మొదటి టీచరువి నువ్వేనని చెప్పడం. పలకా బలపం అక్కర్లేదు, చేసే పని మధ్యలోనే బిడ్డతో మాట్లాడు, చెంబులో నీళ్లు పోస్తూ నిండిందా లేదా అని అడుగు, మేకల్ని కట్టేస్తూ పెద్దదేదో చిన్నదేదో అడుగు, తప్పు చెప్తే కసరొద్దు. ఈ మాటలన్నీ పొద్దుగూకులూ ఊరి తల్లులకు అప్పజెప్పి నేను ఇల్లు చేరేసరికి, నా బిడ్డ అన్నం తినేసి మా యారాలి పక్కలో గుర్రుపెట్టి నిద్రపోతూ ఉండేది.

ఆ తల్లుల మీద కూడా నాకు మంటే. ఒకసారి గొర్రెల కాపరి భార్య ఒకామె, నేను చెప్పిందంతా విని, తన కొడుకును తొడ మీద కూర్చోబెట్టుకుని అడిగింది.

"టీచరమ్మా, నీ బిడ్డ ఏమేం చెప్తాది?"

"అన్నీ చెప్తుంది" అన్నాను. ఏం చెప్తుందో నాకు తెలిస్తే కదా! ఆ పిల్లవాడు తల్లి చెవి పట్టుకుని ఆడుకుంటున్నాడు. ఆ చెవిని కూడా చూడలేక బ్యాగు సర్దుకుని లేచాను.

మా వీధిలో కూడా వారానికోసారి ఒక ఇంటి అరుగు మీద తల్లుల మీటింగు పెట్టేదాన్ని. మా యారాలు నా పాపను చంకనేసుకుని వచ్చి వెనక వరసలో కూర్చునేది. ఒక్క మాట మాట్లాడేది కాదు. ఆమె కొడుకులిద్దరూ అప్పటికే హైస్కూల్లో ఉన్నారు. ఈమెకు ఈ మాటలతో ఏం పని, పొద్దుపోక వస్తోందిలే అనుకున్నాను.

ఒక ఆదివారం తలంటు పోసుకుని బయటికి వచ్చేసరికి వసారాలో ఇద్దరూ వేరుశనగ కాయల కుప్ప ముందు కూర్చుని ఉన్నారు. మా యారాలు ఒలుస్తోంది. పాప కాయల్ని ఏరి వేర్వేరుగా పెడుతోంది. ఒక గింజ కాయలు ఒకవైపు, రెండు గింజలవి ఒకవైపు. మూడు గింజల కాయ దొరికితే "పెద్దమ్మా, ముగ్గురుండారు లోపల!" అని అరుస్తోంది. ఆమె ఒక కాయ ఎత్తి చూపించి "దీంట్లో ఎంతమందుండారు?" అని అడిగి, ఊరుకుంది. పాప ఆలోచిస్తుంటే తొందరపెట్టలేదు, తానే చెప్పేయలేదు. అడిగాక కాసేపు గమ్మునుండండి, జవాబుకు టైమివ్వండి అని మీటింగులో నేను గొంతు చించుకుని చెప్పే మాట అది. నా మాట, నా పద్ధతి, నా బిడ్డ! మొత్తం ఎత్తుకుపోయింది. పోనీ ఆమెకు ఎవరు నేర్పారని అడుగుదామా అంటే, నేర్పిన మహాతల్లిని నేనే.

నేనూ వెళ్లి కూర్చున్నాను. ఒక కాయ తీసి "పాపా, అమ్మకు చెప్పు, దీంట్లో ఎన్ని గింజలున్నాయి?" అన్నాను. అది నా చేతిలోంచి కాయ లాక్కుని, తీసుకుపోయి వాళ్ల పెద్దమ్మకు ఇచ్చింది. ఒళ్లంతా కారం రాసుకున్నట్టయింది.

నా భర్తతో చెప్పుకుంటే ఏమన్నాడో వినండి.

"ఏంది నీ గోల? లోకంలో ఆడోళ్లు యారాలు బిడ్డను చూడలేదని ఏడుస్తారు. నువ్వు చూసిందని ఏడుస్తాండావు."

అవును, ఏడుస్తున్నాను. ఏడవడానికి ఒకరి అనుమతి కావాలా నాకు?

ఆ ఏడు మబ్బులు కాస్త ముందే కమ్ముకొచ్చాయి. నేల తడిసేలా ఒక్క పదును వాన పడితే వేరుశనగ విత్తాలి. మిషన్లో వేస్తే గింజ పగులుతుందని విత్తనం వరకు మా ఇంట్లో చేత్తోనే ఒలుస్తాం. గింజ పగలకూడదు, పైనున్న ఎర్రపొట్టు లేవకూడదు, తడి తగలకూడదు. నానినదీ, పొట్టు పోయినదీ కూరలోకే తప్ప నేలలోకి పనికిరాదు. ఇది మా పక్క పుట్టిన ఎవరికీ చెప్పనక్కర్లేదు. నేనూ రైతు బిడ్డనే.

ఆ సోమవారం అందరూ చేనిలో రాళ్లు ఏరడానికి బయలుదేరారు. నేను సెలవు పెట్టాను. మిగిలిన విత్తనం నేను ఒలుస్తాను, పాప కూడా నా దగ్గరే ఉంటుంది అన్నాను. మా యారాలు ఒకసారి పాపను చూసింది, ఒకసారి నన్ను చూసింది, తట్ట నెత్తినెత్తుకుని వెళ్లిపోయింది. ఈ ఒక్క రోజులో నా బిడ్డను నావైపు తిప్పుకుంటానని లోపల పంతం పట్టాను.

తిప్పుకోవడమా! అది వీధి తలుపు పట్టుకుని పెద్దమ్మ కావాలని ఒకటే రాగం. ఉద్యోగంలో నేర్చుకున్న విద్యలన్నీ తీశాను. గిన్నెలు వాయించాను, కోడిలా కూశాను, కాయలు వరసగా పేర్చాను. నా వైపు వీపు తిప్పుకుని కూర్చుంది. ఊళ్లోవాళ్లకు చెప్పే టీచరమ్మ బతుకు ఇదీ అని నా మీద నాకే అసహ్యం వేసింది.

దానికి స్నానం చేయించగా మిగిలిన గోరువెచ్చని నీళ్లు ఒక గిన్నెలో పక్కనే ఉన్నాయి. ఎప్పుడు పడ్డాయో నాలుగు గింజలు అందులో పడి నానుతున్నాయి. ఏడ్చి ఏడ్చి అలిసిపోయి, పాప అందులో చెయ్యిపెట్టి ఒక గింజ తీసి నొక్కింది. పొట్టు దాని వేళ్ల మధ్యే ఉండిపోయి, తెల్లటి పప్పు చటుక్కున జారి ఎగిరివచ్చి నా ముక్కుకు తగిలింది.

అది నవ్వింది. నన్ను చూసి, పళ్లన్నీ కనపడేలా నవ్వింది.

"ఇంగోటి!" అంది.

ఇచ్చాను. అది కూడా ఎగిరింది. "పైన ఎరుపు, లోపల?" అన్నాను. గమ్మునున్నాను. "తెలుపు!" అని అరిచింది. నాకు చెప్పింది. నాకు! నీళ్లలో పిడికెడు గింజలు పోశాను. అవి నానేలోపు ఒళ్లోకి వచ్చి కూర్చుంది. నానాక ఒకటి తాను నొక్కింది, ఒకటి నేను నొక్కాను. ఎవరిది దూరం పోయిందో చూశాం. మళ్లీ పిడికెడు, మళ్లీ పిడికెడు. తెలియక చేశానంటే నమ్మకండి, తెలిసే చేశాను. చేటలో విత్తనం తరుగుతోందని కళ్లు చూస్తూనే ఉన్నాయి. చెయ్యి ఆగలేదు. ఆ పూట నన్ను ఆపి ఉంటే ఆపినవాళ్లను కరిచేదాన్నేమో.

పొద్దు నడినెత్తికి వచ్చాక అందరూ తిరిగొచ్చారు. మా అత్త వసారాలోకి అడుగుపెట్టింది. నేలంతా తెల్లటి పప్పు, ఎర్రటి పొట్టు.

"ఎవురే ఈ పని చేసింది? ఇత్తనం నానేసి పొట్టు తీసినారే! వాన పడితే ఏం ఇత్తల్ల, మీ తలకాయలా?"

నేను నోరు తెరిచేలోపే వెనక నుంచి మా యారాలు అంది. "నేనే అత్తా. తింటారని పొద్దున నేనే నానేసి పోయినా. పాప అది చూసి ఆడుకునిండాది."

నన్ను కాపాడాలనే అబద్ధమాడింది. ఇంకెవరైనా అయితే ఆమె కాళ్లకు దండం పెట్టేవాళ్లు. నాకు మాత్రం ఒళ్లు భగ్గుమంది. ఈ ఉద్యోగంలో చేరిన ఏడాదిన్నరలో నా బిడ్డకు నేను నేర్పింది ఇదొక్కటి. ఇది కూడా ఆమె ఖాతాలోకేనా?

"కాదు! నేను నానేసినా! నా బిడ్డను నేనే ఆడించినా! ఆమెకేం సంబంధం లేదు!" అని అరిచాను. వీధిలో పోయేవాళ్లు ఆగి చూశారు.

మా అత్త ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "తిట్లకు గూడా పోటీ పడతాండారు గదే! యాడి ఆడోళ్లు వచ్చినారే నా కొంపకు!" అని విసురుగా లోపలికి వెళ్లి, తిండికని దాచిన కాయల మూట ఈడ్చుకొచ్చి మా ముందు పడేసింది.

మేమిద్దరం ఎదురెదురుగా కూర్చుని ఒలవడం మొదలుపెట్టాం. పాప మధ్యలో కూర్చుంది. నా కోపం ఇంకా దిగలేదు.

"నా తప్పు నీకెందుకక్కా? అది గూడా నువ్వే తీసుకుంటావా?" అన్నాను.

ఆమె ఇంకో నాలుగు కాయలు చిట్లించింది.

"నీకొక్కదానికేనా కుళ్లు?" అంది. "నా పిల్లోళ్లు దీనంత ఉన్నెప్పుడు చేన్లో చెట్టుకు ఉయ్యాల కట్టి పండేసి కలుపు తీస్తాంటి. ఏడిస్తే పాలిస్తి. ఏడవకుంటే అంతే చాలనుకుంటి. వాళ్లతో మాట్లాడల్లని నాకు ఎవురు చెప్పినారు మే? ఇప్పుడు పెద్దోడు ఇంట్లోకొస్తే అన్నం పెట్టుమంటాడు, తిని పోతాండా అంటాడు. ఆ రెండే మాటలు. నీ మీటింగులో నేర్చుకున్నేది వాని దగ్గర మొదులుపెడితే, నీకేమన్నా అయిందా మా అని నవ్వినాడు. దీంతో మాట్లాడినప్పుడంతా వాళ్లిద్దరే గుర్తుకొస్తాండారు. నీకింగా రెండున్నరేండ్ల బిడ్డుండాది. నాకు యాడుండాది?"

ఆమె చెయ్యి మాత్రం ఆగలేదు, గింజకు పొట్టు లేవకుండా ఒలుస్తూనే ఉంది. నడక రాని బిడ్డల తల్లులకు, మాటలు రాని బిడ్డల తల్లులకు చెప్పడానికి నా దగ్గర బోలెడు మాటలున్నాయి. మీసాలొస్తున్న కొడుకు తల్లికి చెప్పేది ఒక్కటీ లేదు.

పాప లేచి, వెళ్లి ఆమె ఒళ్లో కూర్చుంది. నాకు మళ్లీ కుళ్లు పుట్టింది. అయినా పాపను నా దగ్గరికి పిలవలేదు.