అత్తకూ కోడలికీ ఒకటే గోలి

మా పక్కింటి సువార్తక్క నోట్ల నువ్వుగింజ నానదు. లాలాగూడల టీచరుగ చేసి రిటైరైంది. వాళ్లది గుంటూరు దిక్కు, పెండ్లై ఇక్కడికొచ్చి ముప్పై ఏండ్లు దాటినా మాట మాత్రం మారలే. ప్రతి బుధవారం వాళ్లింట్ల ప్రార్థన కూటం ఐతది. "ప్రార్థన అవసరతలు చెప్పండి" అని పాస్టరు రిచర్డ్ అయ్యగారు అనుడే ఆలస్యం, గల్లీల ఎవరికి జ్వరమో ఎవరి మోకాలు నొస్తుందో అన్నీ ఈమెనే చెప్తది. నాకు షుగరు వచ్చిందని మా ఆయనకంటె ముందుగాల వాళ్ల చర్చికి తెలిసింది. అయినా నేను బొట్టు పెట్టుకొనే పోయి కూర్చుంటా. పిలిస్తే పోమా? సమోసాలు సుత మంచిగుంటయి, అబద్ధమెందుకు.

పోయినేడు ఆమె రొమ్ముల గడ్డ బయటపడ్డది. కీమో, ఆపరేషన్ అన్నీ అయినయి. తర్వాత బ్లౌజులు నేనే కుట్టిన, ఒక దిక్కు లోపల దూది పెట్టి. ఏసుకొని అద్దంల చూసుకుంట "రెండూ సమానంగా ఉన్నాయటే ఊర్మిళా" అని అడిగింది. నాకు ఏడుపొచ్చింది, ఆమెకు రాలే.

ఆ తర్వాత రోజూ మింగమని చిన్న పసుపుపచ్చ గోలి రాసిన్రు. గడ్డ తీసేసినంక మందెందుకని నేనడిగితే డాక్టరమ్మ చెప్పిందంత అప్పజెప్పింది. ఈమె గడ్డ ఆడోళ్ల హార్మోను, గదే ఈస్ట్రోజన్, దాన్ని తిని పెరిగే రకమట. ముట్లు ఆగిపోయినా ఒంట్ల అది ఎంతోకొంత తయారైతనే ఉంటదట. ఈ గోలి ఆ తయారీని బంద్ చేస్తది, ఎక్కడన్న కణం మిగిలినా తిండి దొరకక పడుంటది. నాకు సగమే సమజైంది. మన ఒంట్లదే మన మీదికొస్తే ఇంక ఎవరిని తిట్టాలె?

ఒక ఆదివారం సువార్తక్క గోలీలు ఐపోయినయి. కొడుకు రోనాల్డ్ ముందే తెచ్చి పెట్టిండేమోనని వాళ్ల బీరువాల వెతికింది. కోడలు ఎలీనా చుడీదార్ల నడుమ అదే పేరు గోలీల షీటు దొరికింది. కవరు మీద ఎలీనా పేరున్నది.

"నా కోడలికీ వచ్చిందే ఊర్మిళా. నాకు చెప్పకుండా దాస్తున్నారు."

"ముందుగాల అడుగక్కా. అడగకుండనే రోగం అంటగడ్తవా?"

అడగనంటది. అడిగితే పిల్ల కుప్పకూలుతదట. బేగంపేట ఆఫీసుకు పోయే ముందు స్కాన్ అని పోతుందట, మోచేతి మడతల సూది పట్టీ కనిపించిందట, ఫ్యాన్ కింద కూర్చున్నా చెమటలట. ఈమెకు సుత ఆ గోలీతోని గవే చెమటలు. నా బుర్ర తిరిగింది. గోలి అదే, చెమట అదే, ఇంకేమనుకోవాలె? "నా దగ్గర్నుంచే అంటిందంటావా" అన్నది. అత్త రోగం కోడలికెట్ల అంటుతదని కసిరిన, కాని ఇంటికొచ్చి నాకు సుత ఎందుకో గట్టిగ నమ్మకం కుదర్లే. అన్నం ముట్టకుండ సువార్తక్క రోజురోజుకు గుంజుకపోయింది.

బుధవారం అయ్యగారు అడగంగనే లేచి నిలబడ్డది. "నా కోడలు ఎలీనాకు క్యాన్సర్. దాని బదులు నన్ను తీసుకోమని ప్రార్థించండి" అన్నది. అందరు కండ్లు మూసుకొని గట్టిగ ప్రార్థన షురూ చేసిన్రు. అప్పుడే ఎలీనా ఆఫీసునుంచి వచ్చి గుమ్మంల నిలబడ్డది. కూటానికొచ్చిన కాంతమణి టీచర్ ఉరికిపోయి ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టి ఏడ్చింది.

"ఎవరికేమైంది?" అన్నది ఎలీనా. చెప్పిన్రు. పిల్ల ముఖం ఎర్రగైంది. "నాకు క్యాన్సర్ లేదు. అవి పిల్లల కోసం డాక్టర్ ఇచ్చిన టాబ్లెట్స్" అని లోపలికి పోయి తలుపేసుకున్నది. ఆమేన్ అనాల్నో వద్దో తెలవక అయ్యగారు అట్లనే నిలబడ్డడు.

సువార్తక్క సంతోషం ఆ ఒక్క రాత్రి సుత నిలువలే. నా గడ్డను ఎండబెట్టే మందు కడుపుల బిడ్డను ఎండబెట్టదా అని కొత్త పరేషాన్ పట్టుకున్నది. తెల్లారి ఇద్దరు మాట్లాడుకోకుండనే సువార్తక్కకు గోలి రాసిన డాక్టరమ్మ దగ్గరికి బయల్దేరిన్రు, ఆటోల నడుమ నన్ను కూర్చోబెట్టుకొని.

డాక్టరమ్మ నవ్వలే, ఓపికగ చెప్పింది. ఎలీనాకు నెలల కొన్ని దినాలే ఆ గోలి. ఈస్ట్రోజన్ తగ్గినట్టు కనిపించంగనే, అండాన్ని పెంచమని మెదడు ఇంకో హార్మోనును పంపిస్తది, అండం పెరుగుతది. గర్భం నిలిచేసరికి మందు ఒంట్ల నుంచి పూర్తిగ పోతదట. అంటే ఒక్కటే గోలి, ఈమెకు పెరగొద్దని, ఆమెకు పెరగాలని. నేను, సువార్తక్క ఇద్దరం తలూపినం. నాకైతే ఇప్పటికీ అది గొంతు దిగలే.

తిరిగొచ్చేటప్పుడు ఆటోల సువార్తక్క అడిగింది. "నా దగ్గరెందుకు దాచావమ్మా? ఊరంతా చెప్తాననా?"

"అది కాదు అత్తయ్యా." ఎలీనా బయటికి చూసుకుంటనే అన్నది. "మీకు కీమో నడుస్తుండంగనే షురూ చేసినం. మీరుండంగనే ఒక బిడ్డను మీ చేతుల్ల పెట్టాలని. మీరు పోతారేమోనని భయపడ్తున్నమని మీకెట్ల చెప్తా?"

నేను నడుమ కూర్చున్నందుకు నన్ను నేనే తిట్టుకున్న. ఎటు చూడాలో తెలవలే. మెట్టుగూడ దాటినంక సువార్తక్క మెల్లగ అన్నది.

"డాక్టరమ్మ నన్ను ఐదేళ్లు మింగమంది. నేనుండనని తెలిస్తే అన్నేళ్లకి రాస్తుందా?"

డాక్టర్లు గట్ల చూసి రాయరని నాకు తెలుసు. ఎలీనాకు సుత తెలుసు.

"రాయదు అత్తయ్యా" అన్నది పిల్ల, నా ఒడి మీదుగ చెయ్యి చాపి అత్త చెయ్యి పట్టుకున్నది.