చాప మీది తల్లులు

జోగ్జా నగరంలో మ్యూజియం చూడ్డానికి పిల్లలతో బస్సు కదిలే ముందు హెడ్‌మాస్టరు కిటికీ దగ్గరికొచ్చి, "ఆ బొమ్మలో రంగుల గురించి చెప్పండి చాలు, బు వుర్యానీ. మిగతాది మనకెందుకు? పిల్లల తండ్రులు నా ప్రాణం తీస్తారు," అన్నాడు. టీచర్లనైనా పెద్దావిడలనైనా అక్కడ 'అమ్మా' అన్నట్టు 'బు' అంటారు. వుర్యానీ సరేనంది. ఆ బడిలో బొమ్మలు గీయడం నేర్పుతూ ఏళ్ళ తరబడి సరేనంటూనే ఉంది.

మ్యూజియంలో ఆ బొమ్మ గోడంతా పరుచుకుని ఉంది. చాప మీద ఏడుగురు తల్లులు. ఒళ్ళో మనిషి లేని చొక్కాలు. విద్యార్థులు ప్రభుత్వం మీద తిరగబడి వీధుల్లోకొచ్చిన ఏడాది సైనికులు పట్టుకుపోయిన కొడుకుల కోసం ఎదురుచూపు. ఎడమ చివర, జుట్టుముడి మెడ మీదికి జారినావిడ వుర్యానీ తల్లి. ఆవిడ పోయాక ఇంట్లో అన్న ఊసెత్తే మనిషే లేదు. ఈ పిల్లల్లో ఒక్కరు ఆగి, వీళ్ళెవరని అడిగితే చాలు. అడిగినదానికి బదులివ్వడం మాట తప్పడం కాదని దారంతా తనకు తాను నచ్చజెప్పుకుంటూ వచ్చింది.

నీలం ఎలా చల్లబడుతూ నలుపులోకి దిగుతుందో చెప్పింది. పిల్లలు తల్లులకు వీపులు తిప్పి ఫొటోలు దిగారు. ఆకలంటూ క్యాంటీన్ దారి పట్టారు.

వెనకబడ్డ నికెన్ అనే అమ్మాయి, బొమ్మకీ బెంచీకీ మధ్య నుంచి పోతూ నడుం వంచి, కుడిచెయ్యి నేలవైపు చాచి, "దాటుతున్నానండీ, బు" అని బొమ్మలోని తల్లులకేసి గొణిగింది. కూర్చున్న పెద్దల ముందు నుంచి వెళ్తే జావాలో ఒళ్ళు దానంతటదే వంగుతుంది.

గుమ్మంలో స్నేహితురాలు పగలబడి నవ్వింది. "గోడక్కూడా దణ్ణాలేంటే, పిచ్చిమొహమా."

"కూర్చునున్నారుగా మరి," అంది నికెన్ సిగ్గుపడుతూ. తర్వాత బొమ్మకేసి తిరిగి, "ఎవరి కోసం, బు, వీళ్ళు?" అని టీచర్ని అడిగింది.

"ఆ చివరావిడ మా అమ్మ. మా అన్నయ్య కోసం."

నికెన్ బొమ్మనూ టీచరు ముఖాన్నీ మార్చి మార్చి చూసింది. "వచ్చాడా?"

"ఇంకా రాలేదు," అంది వుర్యానీ.

స్నేహితురాలు పిలిస్తే నికెన్ వెళ్ళిపోయింది.

తిరుగు దారిలో వెనక సీట్లన్నీ పాటలే. ముందు సీట్లో వుర్యానీ పక్క చోటు ఖాళీ. వరిచేల మీద వాన మబ్బుల వెలుగు తగ్గుతుండగా, అన్న పేరు ఆ పిల్లకు చెప్పనే లేదని గుర్తొచ్చింది. ఆ పిల్లా అడగలేదు.